ముడి ఎందుకు వేసినట్టు

నైటీకి కొంగుండదు.
ఇరవై రెండేళ్లుగా ఈ సూర్ ఊళ్లో
నాకున్న కష్టాల్లో ఇది చిన్నదే.
కానీ మరిచిపోకూడని పనికి ముడి ఎక్కడ వేయాల?

తలగుడ్డ అంచుకు వేసుకుంటా.
పొద్దున లేచి చూస్తే ముడి ఉంటుంది,
గట్టిగా, బెల్లం మూటకు వేసినట్టు.
ఎందుకు వేసినానో ఆ సంగతి మాత్రం
రాత్రే ఎవరో విప్పుకొని పోయింటారు.

పాలకు తోడు వేయడమా?
మేడ మీద ఎండేసిన నిమ్మకాయలు
మంచు దిగకముందే తీయడమా?
సుండుపల్లిలో చెల్లెలి కోడలికి నెలలు నిండినాయి,
ఫోను చేస్తానన్నది ఈరోజా, నిన్ననా?

నిన్నటివి అడుగు, చెప్తా.
మా మేనత్త పుట్టుమచ్చ
ఏ బుగ్గన ఉండేదో, ఎంతుండేదో చెప్తా.
అయిపోయినవన్నీ పిలవకుండానే వచ్చి కూచుంటాయి.
ఇంకా జరగనివే,
గడప దాకా వచ్చి వెనక్కి పోతాయి.

నాసర్ బాబు నా ఫోనులో అలారం పెట్టినాడు,
సాయంత్రం నాలుగుకు వాళ్లమ్మ బీపీ మాత్ర.
అది మోగుతుంది. నేను ఆపుతా.
ఆపి, ఫ్రిజ్జు తలుపు తెరిచి
చల్లగాలికి మొహం పెట్టి నిలబడతా,
పెళ్లికి వచ్చి, ఏ తరఫో మరిచిన దానిలా.

క్లినిక్కులో మలయాళీ డాక్టరమ్మ
నా చేతికి ఒక పెన్ను ఇచ్చి
"గంట మోగినప్పుడు తిరిగి ఇవ్వు" అన్నది.
అదొక పరీక్షంట.
గంట మోగిందనే చెప్పింది ఆమె.
పెన్ను ఇంకా నా దగ్గరే ఉంది, బాగా రాస్తుంది.

ఇక మామా రయ్యా.
ఎనభై దాటింది. ఒకరోజు ఓబులమ్మా అంటుంది,
మూడు రోజులు, నాకు ముందు ఇక్కడ పనిచేసిన
శ్రీలంక పిల్ల పేరు పెట్టి పిలుస్తుంది.
రెంటికీ పలుకుతా.

అసర్ నమాజు అయినాక
పెరట్లో ఇసుక చదును చేసి గుంటలు తీస్తాం.
మాకు వామనగుంటలు, వాళ్లకు హవాలిస్.
మావి రెండు వరసలు, వాళ్లవి నాలుగు.
మొదటి ఏడాదంతా దాని మీదే కొట్లాట.
నాలుగుకే ఒప్పుకున్నా, జీతం వాళ్లది కదా.
గింజలు మాత్రం నావి,
రాయచోటి నుంచి తెచ్చుకున్న చింతపండులోవి.

ఆ ఇసుక ముందు కూచుంటే మేం వేరే ఆడవాళ్లం.
ఈ గుంట ఎత్తితే ఎక్కడ చేయి ఖాళీ అవుతుందో,
అక్కడ మళ్లీ ఎత్తుకొని పోతే
మూడో చుట్టుకు ఆమె మూలగుంట ఎట్లా లేచిపోతుందో
గింజ జారకముందే వేళ్లకు తెలుసు.
ఇంకా రాని ఆటను ఒళ్లో పెట్టుకొని కూచుంటాం.
అవతల ఓడలు చేసే చోట
సుత్తి దెబ్బలు ఎప్పుడు ఆగిపోతాయో మాకు తెలీదు.

అప్పుడు తట్టింది.
మాత్ర తీసుకపోయి నా ఏడో గుంటలో పెట్టినా.
గింజ అక్కడికి చేరిందంటే మామా మింగాల.
నాలుగు నెలలు ఒక్క పూటా తప్పలేదు.
ఒకసారి మటుకు మాత్ర ఆటలోనే ఉండిపోయి
చింతగింజ మింగింది.
"ఇదే నయం, చేదు లేదు" అన్నది.

మొన్న గాలి తిరిగింది.
మా పక్క ఖరీఫ్ అంటే శనక్కాయల విత్తనం,
ఇక్కడ ఖరీఫ్ అంటే సముద్రం మీంచి వచ్చే గాలి.
ఆట మధ్యలో మామా చేయి ఆగింది,
గింజలు పిడికిట్లోనే ఉన్నాయి.
"ఓబులమ్మా," అన్నది, నా పేరుతోనే,
"చలికాలంలో చెప్పినావు నువ్వు.
గాలి తిరిగిన రోజు నీకు గుర్తు చేయమని."

"ఏం గుర్తు చేయమన్నా మామా?"

"అది నువ్వు చెప్పలేదు.
గుర్తు చేయమన్నావు. చేసినా."

తలగుడ్డ అంచు తడుముకున్నా. ముడి ఉంది.
పన్ను పీకించుకోవడమో,
ఎవరి బాకీనో తీర్చడమో, ఇంకేమో.
ఆమె పందెం గెలిచినట్టు నా మొహమే చూస్తా ఉంది.
షుక్రన్ అన్నా.
నా చేయి ఊరికే గుంటల మీదికి పోతే
"ఉండు, ఇంకా నా ఆటే" అని తోసేసి
పిడికిలి వదులు చేసి
ఒక్కో గింజా వేసుకుంటా పోయింది.